‘విషాలు కడిగేస్తే ఆటిజం పోతుంది’ అనే ఫార్వర్డ్‌కి జవాబు

మళ్లీ అదే మెసేజ్. ఈసారి పైన "ప్రతి తల్లీ తండ్రీ తప్పక చదవాలి" అని చేరింది, అంతే తేడా. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఒంట్లో పేరుకున్న విషాల వల్లే వస్తాయట. చక్కెర మానిపించాలి, పాలూ గోధుమా మానిపించాలి, విటమిన్లు పెద్ద డోసుల్లో ఇవ్వాలి, లోహాలు కడిగించాలి, ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్పించే ఛాంబర్‌లో కూర్చోబెట్టాలి, డాక్టరు రాసిన మందులు మొదటి రోజే ఆపెయ్యాలి, నిద్రకు మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ వెయ్యాలి. పైగా దీనికి ఇంటిగ్రేటివ్ వైద్యం (మామూలు వైద్యానికి ఇతర పద్ధతుల్ని జోడించేది) అని పేరు. ఆ పద్ధతిని బాధ్యతగా పాటించే పిల్లల డాక్టరెవరూ ఉన్న మందుల్ని మొదటి రోజే ఆపించరు.

చక్కెర సంగతి ఎప్పుడో తేలిపోయింది. 23 ప్రయోగాల ఫలితాలను కలిపి 1995లో లెక్కగట్టారు. పిల్లల ప్రవర్తనలో తేడా కనపడలేదు. దంతాల కోసం తగ్గిస్తే సంతోషం. అనుమానించాల్సింది కృత్రిమ రంగుల్ని. 2007లో సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని రంగుల్ని, ఆహారం నిల్వకు వాడే సోడియం బెంజోయేట్‌తో కలిపి మామూలు పిల్లలకే ఇచ్చి చూస్తే అతి చురుకుదనం కొద్దిగా పెరిగింది. ఆ ప్రయోగంలోని ఆరు రంగులు వాడితే హెచ్చరిక ముద్రించాలని ఐరోపా సమాఖ్య 2010 నుంచి నిబంధన పెట్టింది. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

పాలు, గోధుమ మానిస్తే ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు. అసలే నాలుగైదు పదార్థాలు తప్ప ముట్టని పిల్లవాడి కంచంలోంచి రెండు తీసేస్తే కాల్షియం, ప్రొటీన్ ఎక్కణ్ణుంచి వస్తాయి? మానిపించి చూడాలనే పట్టుదల ఉంటే ముందు సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించండి, అదీ గోధుమ తింటున్న రోజుల్లోనే. నెలల తరబడి మానేశాక చేయిస్తే యాంటీబాడీలు పడిపోయి, జబ్బున్నా లేదనే రిపోర్టు రావచ్చు. తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆ మార్పు సంగతి తెలియని టీచరు చేత ప్రవర్తన స్కోరు రాయించండి.

విటమిన్ బి6 పెద్ద డోసుల్లో చాలాకాలం ఇస్తే చేతులు, కాళ్ల నరాలు దెబ్బతినవచ్చు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని మాటలు రాని పిల్లవాడు ఎవరితో చెప్పుకోవాలి?

ఇక లోహాలు కడగడం. అసలు కోపం దీని మీదే. ముందు పిల్లవాడికి డీఎంఎస్‌ఏ లాంటి కీలేషన్ మందు (లోహాల్ని పట్టుకుని బయటికి పంపేది) మింగిస్తారు, తర్వాత కొన్ని గంటల మూత్రం పట్టి ల్యాబ్‌కి పంపిస్తారు. ఆ మందు ఎవరి ఒంట్లోంచైనా ఎంతో కొంత లోహాన్ని బయటికి లాగుతుంది, దాని పనే అది. అలా వచ్చిన అంకెను, ఏ మందూ వేసుకోనివాళ్ల సాధారణ స్థాయి పక్కన పెట్టి, ఎర్ర గీతలతో రిపోర్టు ఇస్తారు. మెసేజ్ రాసినాయన మూత్రం పంపినా అదే ఎరుపు వస్తుంది! ఈ పరీక్షకు శాస్త్రీయమైన ధ్రువీకరణ లేదని విషవైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ చెప్పేసింది.

సీసం భయం ఉత్తదేమీ కాదు, ఒప్పుకుంటాను. కనపడినదల్లా నోట్లో పెట్టుకునే పిల్లలకు సీసం పరీక్ష చేయించాల్సిందే. అయితే మందేమీ వెయ్యకుండా, సిరలోంచి తీసిన రక్తంతో. డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే కీలేషన్ గురించి ఆలోచిస్తారు. అంతకన్నా తక్కువుంటే సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపడమే వైద్యం. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పసివాళ్లపై జరిగిన ప్రయోగం 2001లో వెలువడింది: ఇదే డీఎంఎస్‌ఏతో రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం మెరుగు లేదు. నిజంగా సీసం ఉన్న పిల్లలకే రాని లాభం, లేనివాళ్లకు ఎలా వస్తుందో?

నష్టం మాత్రం రావచ్చు. ఈ మందులకు పనికొచ్చే ఖనిజాల మీద దయ ఉండదు. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబుకు డైసోడియం ఈడీటీఏ అనే కీలేషన్ మందు సిరలోకి ఎక్కించారు. సీసానికి వాడేది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. పేరులో ఒక్క ముక్క తేడా. కాల్షియం లేని రకం రక్తంలోని కాల్షియాన్నే పట్టేసుకుంటుంది. గుండె ఆగి ఆ బాబు చనిపోయాడు. "కడిగితే పోయేదేముంది" అనేవాళ్లకి ఇది సరిపోతుందా?

ఆక్సిజన్ ఛాంబర్ ఆటిజానికి గానీ ఏడీహెచ్‌డీకి గానీ పనిచేస్తుందని రుజువు కాలేదు. చెవిలో ఒత్తిడి గాయాలు, ఫిట్స్ తెలిసిన దుష్ఫలితాలే. 2025 జనవరిలో మిషిగన్‌లో ఛాంబర్‌కు మంటలంటుకుని లోపలున్న ఐదేళ్ల బాబు చనిపోయాడు.

మందులు మొదటి రోజే ఆపెయ్యాలన్న వాక్యం రాసిన చేతికి జోహారు. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఏడీహెచ్‌డీకి వాడే క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఆపాల్సొస్తే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

"మరి మావాడు మూడు వారాల్లో మారాడే" అంటారా? మారే ఉంటాడు. 1999లో వెలువడిన ప్రయోగంలో ఆటిజం ఉన్న 60 మంది పిల్లల్లో సగానికి, ఆటిజానికి మందని అప్పట్లో పేరుపడ్డ సీక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్, సగానికి ఉత్త సెలైన్ (ఉప్పునీరు) ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు గుంపులూ ఒకేలా మెరుగయ్యాయి. తేడా లేదని చెప్పాక కూడా, మూడింట రెండు వంతుల మంది తల్లిదండ్రులకు సీక్రెటిన్ మీద ఆసక్తి పోలేదు.

ఇంత తిట్టాక ఒకటి ఇచ్చెయ్యాలి: మెలటోనిన్ మాట నిజమే. ఆటిజం ఉన్న పిల్లల్లో నిద్ర త్వరగా పట్టడానికి అది పనికొస్తుంది. పడుకునే వేళ, దీపాలు, స్క్రీన్లు ముందు సరిచేశాక, డాక్టరుతో మాట్లాడి 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, నిద్రవేళకు అరగంట నుంచి గంట ముందు. గమ్మీలు కొనేముందు ఒక్క సంగతి. అమెరికాలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలు పరీక్షించి 2023లో ప్రచురించారు. 22 రకాల్లో లేబుల్ మీదున్న అంకెకూ లోపలున్న దానికీ పొంతన లేదు. ఒకదాంట్లోనైతే అసలు మెలటోనినే లేదు.