గుంత నిండింది, గడి కూడా నిండింది

మానవాళి కనిపెట్టిన మహత్తర సాధనాల జాబితాలో ఫోర్ డబ్ల్యూ పట్టికకు ఇంకా చోటు దక్కకపోవడం ఘోరమైన అన్యాయం. శరణార్థి శిబిరంలో ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు చేస్తున్నారో చూపించే ఎక్సెల్ షీటు అది. సంస్థలన్నీ తలా కాసిన్ని గడులు నింపి పంపుతాయి. ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఆఫీసరు అనే ఉద్యోగి వాటన్నిటినీ కలిపి, రంగులద్ది, మ్యాపు గీసి గోడకు తగిలిస్తాడు. కొన్నిచోట్ల ఐదో డబ్ల్యూ కూడా ఉంటుంది: ఎవరికోసం? మొదటి నాలుగూ తేలాక, తీరిక చిక్కితే, దాని సంగతి చూస్తారు.

ఈ పట్టిక ఎందుకు పుట్టిందో తెలియక మాట్లాడుతున్నాననుకోకండి. 1994 జులైలో రువాండా నుంచి లక్షలమంది సరిహద్దు దాటి అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమా చేరినప్పుడు, సాయం చేస్తామంటూ దిగిన సంస్థలకు లెక్కేలేదు. ఎవరికి వారే యమునా తీరే. కలరా, రక్త విరేచనాలు కలిసి మొదటి నెలలోనే దాదాపు 50 వేల మందిని మింగేశాయి. ఆ సిగ్గులోంచే 1997లో, సాయం కనీసం ఎంతుండాలో చెప్పే స్ఫియర్ ప్రమాణాల పని మొదలైంది. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికో మరుగుదొడ్డి, మరుగుదొడ్డి గుంతకూ తాగునీటి బావికీ మధ్య 30 మీటర్ల దూరం. 2005లో క్లస్టర్లు, అంటే ఒకే రకం పని చేసే సంస్థల గుంపులు వచ్చాయి, నీళ్లకొకటి, తిండికొకటి, గూటికొకటి. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

తర్వాతే కథ ముదిరింది. సరిహద్దు దాటకుండా ఇల్లు వదిలినవాళ్లు క్లస్టర్ల లెక్క, దాటినవాళ్లు ఐరాస శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ లెక్క. మరి ఇద్దరూ పక్కపక్కనే గుడిసెలు వేసుకుంటే? అందుకు 2014లో యూఎన్‌హెచ్‌సీఆర్, క్లస్టర్లను సమన్వయం చేసే ఐరాస విభాగం ఓచా కలిసి ఒక నోట్ విడుదల చేశాయి. సమన్వయకర్తల మధ్య సమన్వయం ఎలాగో అందులో వివరించారు. ఆపదలో ఉన్నవాళ్లు దయచేసి అది చదువుకుని, ఏ గట్టున నిలబడాలో తేల్చుకుని మరీ పారిపోవాలి.

రోహింగ్యాలు అది చదవకుండానే వచ్చేశారు. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షలమందికి పైగా మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ చేరారు. శరణార్థులంటే యూఎన్‌హెచ్‌సీఆర్ చూసుకోవాలి. కానీ అక్కడ అప్పటికే అంతర్జాతీయ వలసల సంస్థ ఐఓఎం కుర్చీ వేసుకుని ఉంది. లేవమనడం మర్యాద కాదు. అంచేత ఢాకాలో ముగ్గురు అధ్యక్షుల కమిటీ వెలిసింది: ఐరాస రెసిడెంట్ కోఆర్డినేటరు, యూఎన్‌హెచ్‌సీఆర్, ఐఓఎం. కాక్స్‌బజార్‌లో ఇంటర్ సెక్టార్ కోఆర్డినేషన్ గ్రూపు (క్లస్టర్లకు అక్కడ సెక్టార్లని పేరు). 33 శిబిరాల్లో కొన్ని యూఎన్‌హెచ్‌సీఆర్ ఏలుబడిలో, కొన్ని ఐఓఎం ఏలుబడిలో. వీటన్నిటి మీదా ప్రభుత్వ కమిషనరు, శిబిరానికో క్యాంప్ ఇన్‌చార్జ్. అట్టడుగున, బ్లాకుకో మాఝీ, అంటే శరణార్థుల్లోనే ఒక పెద్ద. పల్లకీ ఎక్కేవాళ్లకు కొదవలేదు.

ఇప్పుడు కాక్స్‌బజార్ శిబిరాలున్న కుతుపాలాంగ్ కొండవాలు మీద ఒక తల్లిని ఊహించుకోండి. శిబిరం నంబరూ బ్లాకూ మీ ఇష్టం. గుడిసెలోంచి బయటికొచ్చి ఇసుక బస్తాల మెట్లు దిగితే మరుగుదొడ్డి. సిమెంటు వరలు దింపి, వెదురు తడికలు కట్టి, టార్పాలిన్ చుట్టినది. తలుపు మీద మూడు లోగోలు: డబ్బిచ్చిన దేశానిది, డబ్బందుకున్న ఐరాస సంస్థది, ఖర్చుపెట్టిన ఎన్జీఓది. గొళ్లెం ఊడిపోయింది. గుంత నిండింది. వానొస్తే ఆ నిండినదంతా వాలు మీద ఎటు పోతుందో, దిగువ గుడిసెవాళ్లని అడిగితే చెబుతారు.

ఆమె వెళ్లి మాఝీకి చెప్పింది. మాఝీ లోగో చూసి ఎన్జీఓకి చెప్పాడు. వాళ్లెంతో మర్యాదగా, మేం కట్టినవాళ్లమే గానీ చూసుకునేవాళ్లం కాదు, డిసెంబరులో ప్రాజెక్టు ముగిసింది, హ్యాండోవర్ కాగితం ఇదిగో అన్నారు. కాగితంలో ఉన్న రెండో సంస్థ, నిర్వహణ అంటే తలుపూ రేకూ బండా అనే మా ఒప్పందం, గుంతలోది మూడో సంస్థ పరిధి అంది. మూడో సంస్థ షీటు తెరిచి చూసింది. ఈ బ్లాకు గడిలో నాలుగో సంస్థ పేరుంది, పరుల గడిలో వేలుపెట్టడం మా విధానం కాదంది. నాలుగో సంస్థకు నిధులు ఆగిపోయి ఊరొదిలి వెళ్లిపోయింది. గడిలోంచి మాత్రం వెళ్లలేదు.

ఇంతలో అయిదో సంస్థ దిగింది. దాని దగ్గర పంపుంది, డ్రమ్ములున్నాయి, మనుషులున్నారు. క్వార్టరు ముగిసేలోగా ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోయే డబ్బు కూడా ఉంది. గుంత ఎత్తిపోస్తామంటే ఒకటే గగ్గోలు. డూప్లికేషన్! ఒకరి పని ఇంకొకరు మళ్లీ చేయడం! ఈ లోకంలో అంతకు మించిన పాపం లేదు. కలరాకు క్షమాపణ ఉంటుంది గానీ డూప్లికేషన్‌కు ఉండదు. ఆ బ్లాకు ‘కవర్డ్’ అని షీటు ఘోషిస్తుంటే మళ్లీ కవర్ చేయడమేమిటి? చివరికి అయిదో సంస్థ పక్క శిబిరంలో ఖాళీ గడి చూసుకుని, సగమైనా నిండని గుంతల్ని ఎత్తిపోసి, ఫొటోలు దిగి, నివేదిక పంపుకుంది.

గొళ్లెం సంగతి వేరే కథ. తలుపు నీళ్లూ పారిశుద్ధ్యం సెక్టారుది. గొళ్లెం లేకపోవడం వల్ల ఆడవాళ్లకొచ్చే ప్రమాదం ప్రొటెక్షన్ సెక్టారుది. దారిలో వెలగని సోలార్ దీపం సైట్ మేనేజ్‌మెంట్‌ది. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ, ఏసీ గదిలో, ఇంగ్లిషులో కూర్చున్నారు. గొళ్లెం ప్రస్తావన రాగానే ఛైర్‌లో ఉన్నాయన గడియారం చూసుకుని, ‘దీన్ని బైలాటరల్‌గా చూసుకోండి’ అన్నారు, అంటే బయట మీలో మీరే తేల్చుకోండని. ఆ మాట పడ్డాక ఏ సమస్యా బతికి బట్టకట్టదు. మినిట్స్‌లో మాత్రం, సభ్యులు సమస్యను గుర్తించారు అని అచ్చంగా ఎక్కింది.

చీకట్లో బయటికి వెళ్లాల్సి వస్తుందన్న భయంతో శిబిరాల్లో ఆడవాళ్లు సాయంత్రం నుంచే తిండీ నీళ్లూ తగ్గించుకుంటున్నారని సర్వేలు తేల్చాయి. సర్వేలు చేసింది మళ్లీ వేరే సంస్థలు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, అదే ఆడమనిషిని, రాత్రిపూట ఎక్కడికి వెళతావని అడిగి రాసుకుని వెళ్లారు.

ఆ గుంత కథా గొళ్లెం కథా ఊహే, పెంచి చెప్పానని ఒప్పుకుంటాను. పెంచనిది చెబుతాను. 2017 చివర్లో హడావుడిగా వేలకొద్దీ చేతిపంపులు దింపారు, వేలకొద్దీ మరుగుదొడ్లు తవ్వారు. చాలాచోట్ల లోతు చాలని పంపు, మరుగుదొడ్డి గుంత పక్కనే వెలిసింది. నీళ్లు పరీక్ష చేస్తే మలంలోని బ్యాక్టీరియా బయటపడింది. కొద్ది నెలలకే బోలెడన్ని మూతపడ్డాయి. స్ఫియర్ పుస్తకంలోని 30 మీటర్లు పుస్తకంలోనే ఉండిపోయాయి. చోటు లేని మాట నిజమే. మనిషికి 45 చదరపు మీటర్లు ఉండాల్సిన శిబిరంలో పదికి అటూ ఇటూ ఉంది. కానీ పంపూ మరుగుదొడ్డీ వేర్వేరు సెక్టార్లవి అనుకునేరు. రెండూ ఒకే సెక్టారువి! షీటులో మాత్రం పంపుల లెక్క కరెక్టు, మరుగుదొడ్ల లెక్కా కరెక్టు. ఆ రెంటి మధ్య దూరం రాసే గడి లేదు.

ఫిర్యాదుల పెట్టెల గురించి ఎక్కువ చెప్పను. వాడుకలో ఉన్న లిపి అంటూ పెద్దగా లేని భాష మాట్లాడుతూ, చాలామందికి చదవడం రాని జనం మధ్య తాళం వేసిన పెట్టె పెట్టి, కాగితం మీద రాసి వేయమన్నవాళ్ల బుర్రకు ఒక నమస్కారం.

అన్నట్టు, నిధుల్లో 25 శాతం స్థానిక సంస్థలకు వీలైనంత నేరుగా ఇస్తామని 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దాతలూ పెద్ద సంస్థలూ సంతకాలు పెట్టాయి. గడువు 2020. నేరుగా చేరింది ఒంటి అంకె శాతం దాటలేదు. ఆ గడి ఖాళీగా ఉందని ఏ సమావేశమూ గగ్గోలు పెట్టలేదు.

సమన్వయం అసలు చేతకాదని మాత్రం అనకండి. చేతనవును. 2023 మార్చిలో నిధులు లేవని రోహింగ్యాల రేషన్‌ను మనిషికి నెలకు 12 డాలర్ల నుంచి 10కి తగ్గించారు. జూన్‌లో 8కి. రోజుకు 27 సెంట్లు. ఆ కోత ఒక్క బ్లాకును కూడా వదల్లేదు. ఒక్క గుడిసెకైనా డూప్లికేషన్ అని మినహాయింపు దొరకలేదు. పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ఒకే రోజున, ఒకే కొలతతో అందింది. గొళ్లెం బిగించడానికి నెలల తరబడి కుదరని ఏకాభిప్రాయం, పిల్లల కంచంలోంచి మూడోవంతు తీయడానికి మూడు నెలల్లో కుదిరింది. చుట్టూ ముళ్లకంచె వేసి, బయట పనిచేసుకునే హక్కు ఇవ్వకుండా, నీ బతుకంతా ఈ కార్డు మీదే అని చెప్పినవాళ్లకు చేసిన పని ఇది. పది లక్షలమందికి చోటిచ్చిన బంగ్లాదేశ్‌కు, వందమందికి చోటివ్వడానికి వణికే దేశాలు పాఠాలు చెప్పడం తగదు. అడిగిన డబ్బులో సగమో ముప్పావో ఇచ్చి చేతులు కడుక్కునేదీ ఆ దేశాలే. మరుసటి ఏడాది రేషన్ పెంచారు, సంతోషం. ఆ మధ్య నెలల్లో ఎండిన పిల్లలకు బకాయిలు చెల్లించే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

శరణార్థులకు సంఘటితంగా పనిచేయడం మనం నేర్పాలట, కెపాసిటీ బిల్డింగట! మొహిబుల్లా అనే ఒక బడి పంతులు, అతని తోటివాళ్లూ ఏ శిక్షణా లేకుండా గుడిసె గుడిసెకూ తిరిగి, మయన్మార్‌లో ఎవరెవర్ని చంపారో పేరుపేరునా రాసుకున్నారు. 2019 ఆగస్టు 25న లక్షమందికి పైగా కుతుపాలాంగ్ మైదానంలో చేరి ప్రశాంతంగా సభ జరుపుకున్నారు. అంతమందిని కూర్చోబెట్టి, ప్రార్థన చేయించి, తిరిగి గుడిసెలకు పంపారు. అంతకు మించిన సమన్వయం ఆ కొండల్లో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఫలితం? సభకు సాయం చేశారంటూ కొన్ని ఎన్జీఓల మీద వేటు పడింది. శిబిరాల్లో మొబైల్ ఇంటర్నెట్‌ను దాదాపు ఏడాదిపాటు ఆపేశారు. తనకు బెదిరింపులు వస్తున్నాయని మొహిబుల్లా చెబుతూనే ఉన్నాడు. 2021 సెప్టెంబరు 29 రాత్రి శిబిరంలోని తన ఆఫీసులోనే అతన్ని కాల్చి చంపారు. ఆ శిబిరాల్లో అప్పుడు రక్షణకు ఒక వర్కింగ్ గ్రూపు ఉండేది, దానికి అధ్యక్షులుండేవారు, సమావేశాలుండేవి, మినిట్స్ ఉండేవి. అతని బెదిరింపులు వాటిలో ఏ తేదీన, ఎవరి పేరు మీద నమోదయ్యాయో, ఎవరితో బైలాటరల్‌గా చూసుకోమన్నారో ఆ అధ్యక్షుల్లో ఒక్కరు నోరు విప్పి చెప్పాలి.