సవరణ: తడిసే గుమ్మానికి ఆర్9 టైల్ సరిపోదు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు దుకాణాల గుమ్మం దగ్గర టైల్స్ మార్చుకోవాలనుకునే మనవారికి గత వారం కొన్ని సలహాలు రాశాను. అందులో, టైల్ ఎంతవరకు జారకుండా పట్టు ఇస్తుందో చెప్పే ఆర్ గుర్తు గురించి, "పెట్టె మీద ఆర్9 అని ఉంటే జారదు, ధైర్యంగా కొనండి" అన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మినవారందరూ నన్ను క్షమించాలి.

జర్మన్ ప్రమాణం డిన్ 51130తో వచ్చిన ఈ ఆర్ గుర్తుల శ్రేణి ఆర్9తో మొదలై ఆర్13 దాకా వెళ్తుంది. అంటే ఆర్9 అన్నిటికన్నా కింది మెట్టు. నూనె పూసిన వాలు మీద బూట్లు తొడుక్కున్న మనిషిని నడిపిస్తూ, వాలును మెల్లగా పెంచుతారు. 6 నుంచి 10 డిగ్రీల మధ్యే పట్టు తప్పితే ఆర్9. ఆర్11 రావాలంటే 19 డిగ్రీలు దాటాలి. అంకె పెద్దదిగా కనిపించేసరికి నేను శ్రేణి మొత్తం చూడకుండానే రాసేశాను.

తడి నేలకు లోలకం పరీక్ష ఇంకా నమ్మదగినది. ఇందులో రబ్బరు ముక్క బిగించిన చేయి ఊగుతూ నేలను రాసుకుంటూ పోతుంది, దాన్నిబట్టి నేల పట్టును కొలుస్తారు. బ్రిటన్‌లో 36, ఆపైన విలువ వస్తే జారే ప్రమాదం తక్కువని లెక్కిస్తారు. తడి మీద వచ్చిన విలువ ఎంతో అమ్మేవారిని అడగండి.

సబ్బు ఎక్కువ వేసి తుడిపించమన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిపోయిన సబ్బు పొర మీద వాన నీళ్లు పడితే నేల మరింత జారుతుంది. కొలత ప్రకారం కలిపి, తర్వాత మంచినీళ్లతో తుడిపించాలి.

ఇప్పటికే ఆర్9 కొన్నవారు వాటిని తడి తగలని లోపలి గదుల్లో వాడుకోండి.