ఫ్రిజ్ తలుపులో కొలువున్న సిరప్ సీసా గారికి

మహారాజశ్రీ ఇంటి సిరప్ సీసా గారికి,

నల్లకుంట నుంచి తమరు కొలువున్న ఇంటి ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మామగారి షుగరు తప్ప. తమరు ఫ్రిజ్ తలుపులో, అదే మామగారి ఇన్సులిన్ పక్కన, చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఎండలు 40 డిగ్రీలు దాటగానే మా ఆయన సోడా యంత్రం కొనుక్కొచ్చారు. అప్పుడే మా ఇంట్లో ఒక తీర్మానం నెగ్గింది. ఇకమీదట బజారు కూల్‌డ్రింకు మా గడప తొక్కరాదు. అది రంగునీళ్ళని, పిల్లల పళ్ళు పుచ్చిపోతాయని మా ఆయన ఉపన్యసించారు, అత్తగారు బలపరిచారు. సాయంత్రానికి పొయ్యి మీద కిలో చక్కెర కరుగుతోంది. దాని మీద ఎవరూ ఉపన్యసించలేదు. మన పొయ్యి, మన గిన్నె, మన చక్కెర!

యంత్రాన్ని నేనేమీ అనను. పాపం, అది నీళ్ళలోకి వాయువు ఊదుతుంది, అంతే. దానికీ కొంత పట్టింపు ఉంది. నీళ్ళు బాగా చల్లగా ఉండాలి. సున్నా డిగ్రీల నీళ్ళు పట్టుకునే వాయువు, 20 డిగ్రీల నీళ్ళు పట్టుకునేదానికి దాదాపు రెట్టింపు. హైదరాబాద్ మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్ళు పోసి బుడగలు రాలేదని యంత్రాన్ని తిట్టడం అన్యాయం. పైగా అందులో ఉత్త నీళ్ళే పోయాలి. తమరిని ముందే కలిపితే నురగ గోడకెక్కుతుంది. అందుకే తమరు పెళ్ళికొచ్చే మంత్రిగారిలా అన్నీ అయ్యాక దయచేస్తారు, ఫొటోలన్నీ తమరివే.

తమరి వేషాలు కూడా తక్కువవి కావు. బేగంబజారు నుంచి తెచ్చిన సుగంధిపాల వేళ్ళను దంచి, మధ్యనుండే కట్టెలాంటి ఈనె తీసేసి, వేడి నీళ్ళలో రాత్రంతా నానబెడితే తమరు నన్నారి. అల్లం తురిమి పిండి, ఆ రసాన్ని కాసేపు కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న తెల్లటి గసిని వదిలేసి పైతేట వంచుకుంటే తమరు అల్లం సిరప్. ఆ గసిని వదలకపోతే సీసా అడుగున బురద కూర్చుంటుంది. పాకం తీగ రాకముందే దించాలి, మనం చేసేది అరిసెలు కాదు. నిమ్మరసం పూర్తిగా చల్లారాకే పోయాలి. పొయ్యి మీద ఉండగా పోస్తే పులుపు మిగులుతుంది, వాసన ఎగిరిపోతుంది. ఇంత చాకిరీ చేసిన చేతులకు తమరి మీద అనుమానం ఎలా పుడుతుంది? చెమటోడ్చి చేసినది ఒంటికి మంచిదే అయి తీరాలని మా ఇంటి సిద్ధాంతం.

లెక్కలోకి వద్దాం. కిలో చక్కెర, లీటరు నీళ్ళు. కరిగితే లీటరున్నర పైచిలుకు వస్తుంది. అంటే 100 మి.లీ.లో 60 గ్రాములకు పైగా చక్కెరే. గ్లాసుకు 40 మి.లీ. పోస్తాం. మా అత్తగారు పోస్తే ఇంకాస్త, ఆవిడ చెయ్యి పెద్దది. 40 అనే అనుకున్నా 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద పైనుంచి కలిపే చక్కెరను సుమారు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మరీ మంచిది. మా ఇంట్లో ఆ కోటా ఉదయం పదకొండుకే, ఒక్క గ్లాసుతో చెల్లిపోతుంది. మధ్యాహ్నం మళ్ళీ మొదలు.

ఇందులో మరో చోద్యం ఉంది. మేము వెలివేసిన బజారు కోలాలో 100 మి.లీ.కి సాధారణంగా 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 200 మి.లీ. గ్లాసులో తమరి వాటా వందకు పన్నెండున్నర! చల్లదనం, పులుపు కలిసి తీపిని కప్పేస్తాయి కనుక నాలుక్కి తెలియదు. ఆ దుర్మార్గపు సీసా తన చక్కెర ఎంతో ఒంటి మీద అచ్చు వేసుకుని తిరుగుతుంది. తమరు ఒకప్పటి తేనె సీసా. ఉన్న చీటీని వేడినీళ్ళలో నానబెట్టి, గీకి, నున్నగా కడిగి మరీ తమరిని నింపాం.

వీధి చివర గోలీ సోడా బండి అతను మాకంటే నయం. అతని సీసా 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఆయన పేటెంటు తీసుకున్న తరహాది. లోపలి వాయువే గోలీని పైకి నొక్కి మూతలా బిగిస్తుంది. కొట్టగానే కీచుమంటుంది, బోలెడు హంగామా. కానీ నిమ్మకాయ పిండే ముందు అతను ఒక మాట అడుగుతాడు: "సాల్టా, స్వీటా, మిక్సా?" చక్కెర వెయ్యాలా వద్దా అని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎవరినీ అడగలేదు. చుట్టం చెప్పులు విడిచేలోపే గ్లాసు చేతిలో ఉంటుంది.

మామగారి సంగతి ప్రత్యేకం. పెళ్ళి భోజనంలో లడ్డూను దూరంగా నెట్టి, "డాక్టరు వద్దన్నాడమ్మా" అని పదిమందికీ వినిపించేలా చెప్పే నిష్ఠాపరులు. అదే నన్నారి సోడా అయితే, చలవ చేస్తుందని రెండు చేతులా అందుకుంటారు. అందులో సబ్జా గింజలు వేస్తే అది మందు, మందుకు పథ్యం అడ్డురాదు.

కనుక తమరికి నా విన్నపం. ఈ రోజు నుంచి తమరి మెడలో ఒక చీటీ కడుతున్నాను, గ్లాసుకు ఎన్ని గ్రాములో పెద్ద అక్షరాలతో. దయచేసి ఫ్రిజ్ చెమ్మకు దాన్ని ఊడగొట్టుకోవద్దు. మామగారికి ఇకపై నిమ్మరసం, ఉప్పు, సోడా. ఉప్పును ముందే రసంలో కరిగిస్తాను, లేకపోతే పలుకులు తగలగానే ఉన్న గ్యాసంతా పొంగిపోతుంది.

ఇట్లు,
తమరిని కాచి వడపోసిన
ఇల్లాలు

తా.క.: మామగారు ఈ ఉత్తరం చదివారు. లెక్క సరిగానే ఉందన్నారు. కిలో చక్కెరకు ఎక్కువ నీళ్ళు పోసి గ్లాసులో చక్కెరను సగం చేయమన్నారు. సగమే కాబట్టి రెండు గ్లాసులు తాగవచ్చునని కూడా తేల్చారు.