పప్పులో ఎవరు కాలేశారు?

నానుడుల పుట్టుక విషయంలో మా గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళకి ఉన్న వసతి ఇంకెవరికీ లేదు. కళింగ రాజులు ఏలారు, గజపతులు ఏలారు, గోల్కొండ నవాబులు ఏలారు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతికి పోయాయి. 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని ఇంగ్లిషువాళ్ళు పుచ్చుకున్నారు. నడుమ ఖల్లికోట, ధరాకోట, పర్లాకిమిడి జమీందార్లు. చాలాకాలం మద్రాసు పెత్తనం, ఆపైన 1936 ఏప్రిల్ 1 నుంచి ఒరిస్సా. ఇంతమంది ఏలిన నేల మీద ఒక మాటని ఎవడో రైతు గట్టు మీద కూచుని ఊరికే అన్నాడంటే, అది చరిత్రకే తలవంపులు.

ఆ తలవంపులు లేకుండా చూసే బాధ్యతని బరంపురంలో మా వీధి మావయ్యగారొకరు నెత్తిన వేసుకున్నారు. ఆయనది అప్పడాల వ్యాపారం. డాబా మీద అప్పడాలు ఎండుతుంటే ఒక చేత్తో కాకుల్ని అదిలిస్తూ, రెండో చేత్తో ఫోనులో వాట్సాప్ చరిత్ర రాస్తారు. ఆయన పద్ధతి చాలా శాస్త్రీయం. మాటకి పుట్టుక కావాలంటే ఒక రాజో దొరో ఉండాలి. ఒక వంటవాడుండాలి. ఒకరి భాష ఒకరికి తెలియకూడదు. సంవత్సరం తప్పనిసరి, కాని దాని చివర సున్నా ఉండకూడదు. సున్నా కనపడితే జనం అనుమానిస్తారట.

ఉదాహరణకి, పప్పులో కాలేయడం. సరిహద్దు గీయడానికి ఒక దొర కొలత గొలుసు లాక్కుంటూ పర్లాకిమిడి వచ్చాడట. దారికి అడ్డంగా పెళ్ళి పందిరి, పందిట్లో బంతి నడుస్తోంది. గీత వంకర పోకూడదని దొర పంతం. విస్తళ్ళ మధ్యనుంచే తిన్నగా నడిచాడు. వడ్డించేవాడు హడలిపోయి "పప్పు! పప్పు!" అని అరిచాడు. దొర అది ఊరి పేరనుకుని, తల వంచి పుస్తకంలో రాసుకుంటూ అడుగు ముందుకేశాడు. కాలు గుండిగలో పడింది. చుర్రుమంది. ఒక్క గంతులో ఇవతలికి దూకాడు, ఆయనతోపాటు గొలుసూ వచ్చింది. ఆ విధంగా పట్టణం ఒరిస్సాలో పడింది.

నాకు కొన్ని సందేహాలు వచ్చాయి. బూటు వేసుకున్న దొరకి కాలెలా కాలింది మావయ్యా అన్నాను.

"బూటేసుకుని బంతిలోకి ఎవరు రానిస్తారు బాబూ? బయట విప్పించేశారు. నేదంటే 'పప్పులో బూటేశాడు' అనేవోళ్ళు."

మరి 1936కి ముందు మనవాళ్ళు పొరపాటు చేస్తే ఏమనేవారు?

"అంతకుముందు పొరపాట్లెక్కడివి?"

సరిహద్దు పని కాగితాల మీద జరిగిందని, 1931లో ఓడొనెల్ కమిటీ వేశారని, మరుసటి సంవత్సరం అది నివేదిక ఇచ్చిందని, ఆ తరవాత కూడా వాదాలు నడిచి చివరికి పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైందని చెప్పాను. నివేదికలో గుండిగ ప్రస్తావన లేదని కూడా చెప్పాను. "ఎందుకుంటాది? సిగ్గేసి కొట్టించేసుంటాడు" అన్నారు. ఆధారం లేకపోవడమే ఆధారమైనప్పుడు ఇక వాదించడానికి ఏముంటుంది?

నత్తనడక అన్నది పర్లాకిమిడి రైలు వల్లే పుట్టిందని ఆయన మరో పరిశోధన. ఆ రైలు మాత్రం నిజం. నౌపడా నుంచి పర్లాకిమిడికి జమీందారీ డబ్బుతో వేసిన చిన్న గేజి, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. 1900లో మొదలైంది. సంవత్సరం చివర రెండు సున్నాలున్నాయే అన్నాను. ఆయన ఆ సంగతి ఫోనులో 1903గా సవరించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు పక్కింటి ఒడియా మాస్టారి వల్ల వచ్చింది. రిటైరయ్యాక ఆయనకీ చరిత్ర పట్టుకుంది. మంచి మనిషి, ప్రతి మాటకీ "ఆజ్ఞా" అంటారు, మన చిత్తమండీ లాగా, అంటూనే ఒక్కటీ ఒప్పుకోరు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న మన సామెత, వాళ్ళ "గాఁ కనియా సింఘాణినాకి"ని చూసి రాసుకున్నదని ఆయన సిద్ధాంతం. సొంత ఊరి పెళ్ళికూతురు చీమిడిముక్కుదిగానే కనపడుతుందని దాని భావం. ఇందులో కూర ఎక్కడుందండీ అని మావయ్యగారు. మీ దాంట్లో పెళ్ళికూతురేది ఆజ్ఞా అని మాస్టారు. రెండు డాబాల మధ్య పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని, అప్పడాలు రెండో వైపు తిప్పే వేళ దాటిపోయేదాకా తగువు నడిచింది.

చివరికి పెద్దమనుషుల్లా పంపకానికి దిగారు. తిండి ఉన్న నానుడులన్నీ తెలుగువాళ్ళకి. శరీర భాగాలున్నవన్నీ ఒడియావాళ్ళకి. జంతువులు ఉమ్మడి ఆస్తి. రాష్ట్రాల సరిహద్దు కంటే ఇది న్యాయంగానే ఉందని నాకనిపించింది. కాని పప్పులో కాలేయడం దగ్గర పంపకం మళ్ళీ తెగలేదు. పప్పు ఇటు, కాలు అటు. గుండిగ మీద ప్రస్తుతం యథాతథ స్థితి కొనసాగుతోంది.

ఈ జబ్బు మన ఒక్కళ్ళదే అనుకోకండి. ఇంగ్లిషువాళ్ళ సంగతి చూడండి. దర్జాగా ఉన్నదాన్ని వాళ్ళు పాష్ అంటారు. ఇండియాకి వెళ్ళేటప్పుడు ఓడలో ఎడమ వైపు గది, తిరిగి వచ్చేటప్పుడు కుడి వైపు గది, అంటే ఎండ తగలని గదులు, డబ్బున్నవాళ్ళకి ఇచ్చేవారట. పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్ అన్న ఆ నాలుగు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు టిక్కెట్ల మీద కొట్టేవారట, అవి కలిసి పాష్ అయిందట. అలా ముద్ర కొట్టిన టిక్కెట్టు ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు. 1999లో అయితే, పదహారో శతాబ్దపు జీవితం పేరుతో వాళ్ళ నానుడులన్నిటికీ పుట్టుకలు చెప్పే ఉత్తరమొకటి ఇ-మెయిళ్ళలో ఊరేగింది. వాన పడితే గడ్డి కప్పు మీది కుక్కలూ పిల్లులూ జారి కింద పడేవట, జడివానకి వాళ్ళు చెప్పే మాట అందులోంచి వచ్చిందట. వాట్సాప్ లేని రోజుల్లో పాపం ఎంత శ్రమ!

ఇంతకీ మన వైపు నుంచి ఇంగ్లిషులోకి నికరంగా వెళ్ళిన మాట ఒకటుంది, జగ్గర్నాట్. పూరీ జగన్నాథుడి పేరే అది. అడ్డొచ్చినదాన్నల్లా తొక్కుకుంటూ పోయేదని వాళ్ళ అర్థం. భక్తులు వరసగా రథచక్రాల కింద పడి ప్రాణాలిస్తారని యూరపు యాత్రికులు వందల ఏళ్ళు అదే పనిగా రాస్తే ఆ అర్థం స్థిరపడింది. మావయ్యగారి పద్ధతికి అంతర్జాతీయ గుర్తింపు ఎప్పుడో వచ్చేసిందన్నమాట.

అసలు మాటల పుట్టుపూర్వోత్తరాలు కావాలంటే ఏం చేయాలో పర్లాకిమిడిలోనే ఒకాయన చేసి చూపించారు. గిడుగు రామమూర్తి గారు. బడిలో అయ్యవారి ఉద్యోగం చేసుకుంటూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి కొండల వెంట తిరిగి సవరలు ఏ మాట ఎలా అంటారో రాసుకున్నారు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. మధ్యలో 1936లో ఊరు ఒరిస్సాలో కలవగానే రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఈ సంగతి చెబితే మావయ్యగారి కళ్ళు మెరిశాయి. "అంటే ఆ బంతిలో గిడుగోరు కూడా ఉన్నారన్నమాట!"

సరే, రాజూ సంవత్సరమూ ఉన్న నిజమైన పుట్టుక ఒకటి నేనే ఇస్తానన్నాను. ఒడియాలో 1866 కరువుని న-అంక దుర్భిక్షం అంటారు. న అంటే తొమ్మిది, అంకం అంటే రాజు ఏలుబడి ఏళ్ళని లెక్కపెట్టే అంకె. పూరీ గజపతి దివ్యసింహదేవుడి ఏలుబడిలో అది తొమ్మిదో అంకం. అంకాల లెక్కలో ఒకటీ ఆరూ వదిలేస్తారు కాబట్టి నిజానికి ఏడో ఏడు. దాదాపు పది లక్షలమంది పోయారు. ఆకలికి తాళలేక సర్కారు గంజి కేంద్రాల్లో తిన్నవాళ్ళని ఊళ్ళోవాళ్ళు కులంలోంచి వెలేశారు. అన్నఛత్రంలో తిన్నారు కాబట్టి వాళ్ళకి ఛత్రఖియా అన్న పేరు పడింది. పిల్లలకి కూడా అదే పేరు అంటుకుంది.

"మీరడిగే రాజున్నాడు, సంవత్సరముంది, చివర సున్నా లేదు, వంట కూడా ఉంది. పంపండి మావయ్యా" అన్నాను.

ఆయన రెండు వాక్యాలు కొట్టారు. చెరిపేశారు. "ఇది పొద్దున్నే గుడ్‌మార్నింగు బొమ్మ కింద ఎలా పెట్టను బాబూ?" అన్నారు.

సాయంత్రానికి ఆయన నుంచి వేరే సందేశం వచ్చింది. నోట్లో నాలుక లేనివాడు అన్న మాట గోపాల్‌పూర్ రేవులో దిగిన ఒక ఫ్రెంచి దొర వల్ల పుట్టిందట. సంవత్సరం 1757. వంటవాడు కూడా ఉన్నాడు. పంపకం ప్రకారం నోరూ నాలుకా మాస్టారి వాటా. ఆయన ఇంకా చూసినట్టు లేదు.