కళ్లెదుటే ఉన్నా దొరకదట!

‘‘ఈ మాన్యువల్‌లో ‘యూజర్ పేరు’ అని ఉన్నచోటల్లా ‘లాగిన్ పేరు’ అని మార్చేయండి. రెండు నిమిషాల పని’’ అన్నారు మా మేనేజర్. చేసేవాడు తప్ప అందరూ వేసే లెక్కే ఇది.

‘రీప్లేస్ ఆల్’ నొక్కాను. సగం మారాయి, సగం మారలేదు. మొదటి పేజీలో లావుపాటి అక్షరాలతో కూర్చున్న శీర్షికే మారలేదు. దాని పక్కనే నిలబడి ‘యూజర్ పేరు’ ఎక్కడుందని అడిగితే, అలాంటిదేమీ ఇక్కడ లేదంది ఎడిటర్. కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఫైల్ మూసి తెరిచాను. ఎంటర్ కాస్త గట్టిగా కూడా కొట్టాను. మెత్తగా కొడితే విననిది గట్టిగా కొడితే వింటుందన్న నమ్మకం మనలో ఎందుకో చావదు.

శీర్షికలోంచే కాపీ చేసి వెతికితే మాత్రం టపటపా దొరికాయి. అంటే చూపుకి ఒకటే అయినా, ఫైల్‌లో ‘యూజర్ పేరు’లు రెండు రకాలు! కర్సర్‌ని ‘ర్’ తర్వాత పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కాను. అక్షరం పోలేదు, కర్సర్ కదల్లేదు, కానీ ఫైల్ మారింది, సేవ్ చేయమంటూ పైన చుక్క వెలిగింది. ఒళ్లు జలదరించింది.

ఫైల్‌లోని బైట్లని అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలుగా చూపించే హెక్స్ వ్యూలో తెరిస్తే దొంగ దొరికాడు. అందులో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కోటి మూడు బైట్లు, ప్రతిదీ ‘ఈ0’తోనే మొదలవుతుంది. ఆ వరుసలో ‘ఈ2 80 8సి’ అని ఒకటి దూరి కూర్చుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్! పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా అడ్డుపడే గుర్తు. వెడల్పు లేదు, రూపం లేదు. కొన్ని తెలుగు టైపింగ్ పద్ధతులు పదం చివర పొల్లు కనబడితే చాలు, అడక్కుండానే దీన్ని తగిలిస్తాయి. మాన్యువల్ సగం ఒకరు, సగం ఇంకొకరు టైప్ చేశారు కాబట్టి ఈ కథ. కొన్నిచోట్ల మధ్యలో ఉన్న ఖాళీ కూడా మామూలు ఖాళీ కాదు, లైను విరగనివ్వని నో బ్రేక్ స్పేస్. ఖాళీల్లో కూడా కులాలున్నాయని ఆ రోజే చూశాను.

‘‘ఇంతేనా అన్నా’’ అంటూ పక్క సీటు కుర్రాడు ఒక్క కమాండ్‌తో ఆ నాన్ జాయినర్లన్నిటినీ ఊడ్చేశాడు. ‘పాస్‌వర్డ్’ కాస్తా ‘పాస్వర్డ్’ అయింది, ‘సాఫ్ట్‌వేర్’ నోరు తిరగని ఒత్తుల గుట్ట అయింది. పదం మధ్యలో పొల్లుని పొల్లుగా నిలబెట్టేది కూడా ఆ దొంగేనని వాడికి తెలియదు పాపం. అన్‌డూ కొట్టించి, ఖాళీకి ముందు, విరామ చిహ్నాలకి ముందు, లైను చివర ఉన్నవాటిని మాత్రమే తీసేలా కమాండ్ మార్చాం. లైను చివరివి మళ్లీ మొండికేశాయి. ఫైల్ విండోస్‌లోంచి వచ్చింది, ప్రతి లైను చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనబడని లైను ముగింపు గుర్తు ఇంకొకటి కాపలా ఉంది. దాన్నీ పంపేశాం.

శుభ్రం చేసిన మార్పులు వేరుగా, పేర్ల మార్పులు వేరుగా పంపాను. మేనేజర్ మొదటిది తెరిచారు. ఎడమ పక్క పాతది ఎర్ర లైను, కుడి పక్క కొత్తది పచ్చ లైను, రెండింట్లో అవే మాటలు. పేజీలకు పేజీలు అంతే.

‘‘సాయంత్రం దాకా ఏం మార్చారండీ ఇందులో?’’

‘‘సైజు తగ్గింది సార్.’’