ఐస్ హాకీ సరదా లీగుల్లో ఎవరిని ఏ డివిజన్‌లో ఆడించాలి?

అమెరికా, కెనడాల్లో పెద్దవాళ్లు సరదాకి ఆడుకునే ఐస్ హాకీ లీగులు చాలావరకు ఏ, బీ, సీ, డీ డివిజన్లుగా నడుస్తాయి. కాలేజీ దాకా పోటీల్లో ఆడినవాళ్లు పైన ఉంటారు. ముప్పై దాటాక మొదటిసారి స్కేట్లు కట్టుకున్నవాళ్లు అడుగున ఉంటారు. ఈ అక్షరాలకు అన్నిచోట్లా ఒకే కొలత లేదు. ఒక రింక్‌లో, అంటే ఒక మంచు మైదానంలో, సీ అనిపించుకున్న ఆటగాడు ఇంకో రింక్‌లో డీలో కూడా ఇబ్బంది పడొచ్చు. పైగా తన స్థాయి ఏమిటో చాలాచోట్ల ఫారం నింపేటప్పుడు ఆటగాడే చెప్పుకుంటాడు. మొదటి తప్పు ఇక్కడే జరుగుతోంది.

చిన్నప్పుడు బాగా ఆడి, ఇరవై ఏళ్లు మానేసి, మళ్లీ వచ్చిన మనిషినే తీసుకోండి. డీ అని రాస్తాడు. అది అబద్ధమేమీ కాదు. మొదట్లో ఆయాసంతో నిజంగానే డీ ఆటగాడిలాగే ఆడతాడు. నాలుగు మ్యాచ్‌లు గడిచేసరికి కాళ్లకు పాత విద్య తిరిగొస్తుంది, ఇక ఒక్కడే పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తీసుకుని అందరినీ దాటుకుంటూ వెళ్లిపోతుంటాడు. గెలుపు కోసం తెలిసి తెలిసి కింది డివిజన్‌లో చేరేవాళ్లూ ఉన్నారు. దాన్నే శాండ్‌బ్యాగింగ్ అంటారు. ఒకరిది పొరపాటు, ఇంకొకరిది మోసం. అవతల ఆడుతున్న కొత్తవాళ్లకు మాత్రం రెండింటివల్లా ఒకే నష్టం: షిఫ్టంతా, అంటే మంచు మీద తమ వంతు ఉన్నంతసేపూ, స్కేటింగ్ చేసినా పక్ ఒక్కసారి కూడా అందదు. అలాంటివాళ్లు మళ్లీ సీజన్‌కి పేరు ఇవ్వరు.

ఇది సరదాకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఈ లీగుల్లో బాడీ చెకింగ్ (ఎదుటి ఆటగాణ్ని కావాలని ఒంటితో గుద్దడం) నిషేధమే అయినా, మంచు మీద అనుకోకుండా గుద్దుకోవడాన్ని ఏ నిబంధనా ఆపలేదు. సమ ఉజ్జీలైతే ఇద్దరూ తప్పుకుంటారు. ఒకరు పూర్తి వేగంతో వస్తుంటే, ఆగడం కూడా సరిగా రాని మనిషి ఎటు తప్పుకుంటాడు? అందుకే స్థాయి తేల్చేటప్పుడు షాట్ కన్నా ముందు స్కేటింగ్ చూడాలంటాను.

అమెరికా టెన్నిస్‌లో ఆటగాళ్ల స్థాయి చెప్పడానికి ఎన్‌టీఆర్‌పీ పేరుతో 1.5 నుంచి 7.0 దాకా రేటింగ్ ఉంది. అక్కడ మ్యాచ్ ఫలితం చూసి ఆటగాడి స్థాయిని చాలావరకు అంచనా వేయొచ్చు. హాకీలో గోలీతో (గోల్‌కీపర్‌తో) కలిపి జట్టుకు ఆరుగురు మంచు మీద ఉంటారు, నిమిషానికోసారి మనుషులు మారుతుంటారు. గోల్స్ లెక్క చూసి పై డివిజన్‌కి పంపితే, గోల్ ముందు కాపు కాసి పక్ తోసేవాడు పైకి పోతాడు. వెనక నిలబడి ఆటంతా నడిపించే డిఫెన్స్ ఆటగాడు ఎవరి కంటా పడడు.

సీజన్‌కి ముందు అందరినీ మంచు మీదకు దింపి, వాళ్ల ఆటను ఆట తెలిసినవాళ్ల చేత చూపించడమే దీనికి సరైన దారి. చూసేవాళ్లకు గంట చాలు. ఒక వైపే ఆగగలడా, రెండు వైపులా ఆగగలడా? వెనక్కి స్కేట్ చేస్తూ మలుపు తిరగగలడా? పాస్ కాస్త వెనగ్గా వస్తే ఏం చేస్తున్నాడు? డీ ఆటగాడు తల దించి పక్ కోసం వెతుక్కుంటాడు. బీ ఆటగాడు పక్‌ను స్కేట్‌తో స్టిక్ మీదకు తన్నుకుంటూనే, ఎవరు ఖాళీగా ఉన్నారో చూస్తుంటాడు. అంతటితో ఆపకుండా, మూడు నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఆటగాళ్లను పైకో కిందికో మార్చే అధికారం లీగ్ తన చేతిలో ఉంచుకోవాలి.

స్నేహితులను విడదీస్తారా అని దీనికి అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైన మాటే. చాలామంది మ్యాచ్‌కి వచ్చేదే స్నేహితుల కోసం. అలాంటి జట్టులో అందరికన్నా బాగా ఆడే ఇద్దరు ముగ్గురిని చూసి, జట్టు మొత్తాన్నీ పై డివిజన్‌లో వేయడమే మేలు. కలిసి ఆడాలన్న కోరిక వాళ్లది కాబట్టి ఆ కష్టమూ వాళ్లే పడాలి, ఎదుటి జట్టు కాదు.

గోలీలకు మాత్రం లెక్క వేరుగా ఉండాలి. గోలీలు దొరకడమే కష్టం కాబట్టి బీ స్థాయి గోలీ డీలో ఆడితే ఎవరికీ పెద్దగా నష్టం లేదు. కొత్త గోలీని బీలో నిలబెట్టడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు పక్ అంత వేగంతో వచ్చేది ఆ మనిషి మీదికే.