కొలవకపోవడం మన జన్మహక్కు

అడుగు పొడవు కూడా లేని గాజుగొట్టం ఒకటి డాలస్ శివార్లలోని తెలుగువారి గరాజుల్లోకి చొరబడింది. పేరు హైడ్రోమీటర్, ఇంట్లో పులియబెట్టిన మద్యంలో మత్తెంతో తేల్చే పరికరం. దీని ఆగడాలను ఇప్పుడే అరికట్టకపోతే వారాంతపు విందుల్లో మనకు మిగిలిన ఆఖరి స్వాతంత్ర్యం కూడా మంటగలుస్తుంది.

తేనె, నీళ్లు, ఈస్ట్ కలిపి పులియబెడితే వచ్చేది మీడ్. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్ల వైన్ సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదంతే. మీడ్ కూడా ఆ ఖాతాలోకే వస్తుంది. (ఇదే పని హైదరాబాదులోనో విజయవాడలోనో చేస్తే ఎక్సైజు వాళ్లు వస్తారు. వాళ్లూ కొలిచేవాళ్లే.) 200 గాలన్లు చేతిలో పెట్టి, అందులో ఎంత మత్తుందో అడగని ప్రభుత్వం అది. అంత పెద్దమనసుతో ప్రభుత్వమే వదిలేసిన విషయాన్ని ఓ గాజుగొట్టం ఆరా తీయడమేమిటి?

దాని పనితీరు చూస్తే మీకే ఒళ్లు మండుతుంది. ద్రవం నీటితో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే గీతలు దాని ఒంటి మీద ఉంటాయి. మామూలు నీళ్లలో 1.000 గీత దగ్గర తేలుతుంది. మూడు పౌండ్ల తేనెకి గాలన్ నిండేదాకా నీళ్లు పోస్తే, చిక్కబడ్డ ఆ నీళ్లు గొట్టాన్ని పైకి నెట్టి దాదాపు 1.105 చూపిస్తాయి. పులిసేకొద్దీ చక్కెర తరుగుతుంది, నీటికన్నా తేలికైన ఆల్కహాలు పెరుగుతుంది, గొట్టం మునుగుతుంది. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131.25తో హెచ్చవేస్తే ఆల్కహాలు శాతం. 1.105 కాస్తా 1.000కి దిగితే 13.8. చూసే ముందు గొట్టాన్ని గిర్రున తిప్పాలట, లేకపోతే ఒంటికి అంటుకున్న బుడగలు దాన్ని పైకెత్తి అబద్ధం చెప్పిస్తాయట. బుడగలకు కూడా అబద్ధమాడే వీలు లేదన్నమాట. ఇక మనమెంత!

అసలు కుట్ర మొదటి అంకెలో ఉంది. దాన్ని ఈస్ట్ వేయకముందే చూసి రాసిపెట్టుకోవాలి. ఆ ఘడియ దాటిపోయాక గొట్టాన్ని ఎన్నిసార్లు ముంచినా శాతం తేలదు. కొత్తగా మీడ్ మొదలుపెట్టిన ప్రతి సోదరుడికీ నా హితవు ఇదే: ఆ ఘడియను తప్పనిసరిగా దాటించండి. మొదటి అంకె లేనివాడికి ఆకాశమే హద్దు. "ఎంతుంటుంది అన్నా?" అని పక్కింటి కుర్రాడు గ్లాసు పట్టుకుని అడిగితే, "పద్దెనిమిది పక్కా తమ్ముడూ" అనొచ్చు. మనం వేసింది 14 శాతం ఆల్కహాలు దగ్గరే చేతులెత్తేసే ఈస్ట్ అని ఆ కుర్రాడికి ఎవరు చెప్పాలి? గొట్టమున్న ఇంట్లో గొట్టమే చెప్పేస్తుంది.

ఈ పద్దెనిమిది పక్కా అన్నగారిని తక్కువ అంచనా వేయకండి. క్రెడిట్ స్కోరు కంఠస్థం. చేతి వాచీ అడుగులు లెక్కపెడుతుంది. కూతురి మార్కులు దశాంశాలతో సహా చెబుతారు. ఆఫీసులో ఎవరైనా లెక్క లేకుండా నోరు తెరిస్తే మీటింగు ఆపేస్తారు. గరాజులోకి వెళ్లగానే మాత్రం ఆయనకు పూర్వీకులు గుర్తొస్తారు: "మా అమ్మ ఆవకాయ గొట్టాలు పెట్టి కొలిచిందా?" గొట్టం పెట్టలేదు నిజమే, గిద్దెలతో సోలలతో కొలిచింది. ఆ సమయానికి అన్నగారు మామిడిముక్కలు తినేస్తూ ఉండటం వల్ల చూసి ఉండరు.

ఈ కొలతల పిచ్చి కొత్తదేమీ కాదు. 5వ శతాబ్దం మొదట్లో సినీసియస్ అనే ఆయన, అలెగ్జాండ్రియాలోని పండితురాలు హైపేషియాకి ఉత్తరం రాసి, గీతలు గీసిన ఇలాంటి గొట్టమే ఒకటి చేయించి పంపమన్నాడు. తన రోజులు బాగాలేవని, అందుకే అది అవసరపడిందని కూడా అందులో మొరపెట్టుకున్నాడు. పాపం, నిజం ఒప్పుకున్నాడు. హైడ్రోమీటర్ కాలం కలిసిరానివాళ్ల వస్తువు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం సారా మీద పన్ను లెక్కకి ఇలాంటి గొట్టాన్నే నమ్ముకుంది. మన వైన్ షాపు విస్కీ సీసా మీద కనిపించే 42.8 శాతం ఆల్కహాలు, ప్రూఫ్ అనే ఆ దొరల ఘాటు లెక్కలో 75 డిగ్రీలే. మనిషి మాట నమ్మని పాలన ఎంత దూరం వస్తుందో చూశారా?

ఇక బుడగల సంగతి. లోపలి గ్యాసును బయటికి వదలడానికి జాడీ మూతకు పెట్టిన ఎయిర్‌లాకులో బుడగలు ఆగితే పులవడం అయిపోయినట్టేనని మన సంప్రదాయం. గొట్టం మనుషులు ఒప్పుకోరు. మూత వదులైతే పులుస్తున్నా బుడగలు రావట, పులవడం అయిపోయినా గది వేడెక్కితే వస్తాయట. కొన్ని రోజుల తేడాతో చూసినా అంకె కదలకపోతేనే సీసాల్లో పోయాలట. ఎందుకయ్యా అంటే లెక్క చెబుతారు. షాంపేన్ వాళ్లు సీసాలో లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెర పులియబెట్టి 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి తెప్పిస్తారు, కారు టైరులో ఉండేదానికి రెండున్నర రెట్లు పైనే. 1.010 దగ్గర తొందరపడి బిరడా బిగిస్తే, లోపల పులవడానికి మిగిలేది ఇంచుమించు అంతే చక్కెర. షాంపేన్ వాళ్లది మందపాటి సీసా, మనది కాస్ట్‌కోలో కొన్న జ్యూసు సీసా. అయినా సరే, పదిహేను డాలర్ల గొట్టానికి తలవంచడం కన్నా పేలుడే గౌరవం.

ఉద్యమంలో చేరదలచినవారు సీసాల మీద మందపాటి దుప్పటి కప్పి, పట్టుచీరల అల్మరాకి, ఇండియా నుంచి వచ్చిన అత్తమామల గదికి దూరంగా పెట్టుకోవలసిందిగా మనవి. ఇంటి ఇన్సూరెన్సు కాగితాలు మాత్రం గరాజులో ఉంచకండి.